తమ్మపడిగలో బంతిపూలు

మారేడ్‌పల్లిలో ఆ హోటల్లో భోంచెయ్యాలంటే ముందు టికెట్టు పుచ్చుకోవాలి. నిజం టికెట్టే. పాతకాలపు రైలు టికెట్టు, దళసరి అట్టముక్క. గేటు దాటగానే వరండాలో చిన్న బల్ల, దాని మీద నల్లటి ఇనప యంత్రం. హోటలు నడిపే మాస్టారు ఆ అట్టముక్కను యంత్రం నోట్లో పెట్టి ఒక్క తోపు తోసేవారు. టక్‌మని చప్పుడు, అంచున తేదీ. వెనకవైపు పెన్సిల్‌తో మన నంబరు రాసి చేతిలో పెట్టి, "బండి అరగంట లేటమ్మా, కూర్చోండి" అనేవారు. కడుపులో ఎలకలు పరిగెడుతున్నా ఆ మాటకి నవ్వొచ్చేది.

నేను బ్యాంకు ఉద్యోగానికి సికింద్రాబాదు వచ్చింది 1998లో. లేడీస్ హాస్టల్లో మకాం. పొద్దున ఉప్మా, రాత్రి సాంబారు, ఆదివారం కూడా సాంబారే. నాలుగు నెలలు తిరిగేసరికి నా మొహం చూసి మా సెక్షన్‌లో ఒక పెద్దావిడ జాలిపడి, "పద, పాత సామాన్ల హోటలుకి తీసుకెళ్తా" అంది. అందరూ దాన్ని అలాగే అనేవారు. దానికో పేరు లేకపోలేదు. రైల్వే స్టేషన్లో ఉండే పసుపుపచ్చ బోర్డులాంటి దాని మీద నల్లక్షరాలతో మూడు భాషల్లో పేరు రాయించి, కింద సముద్ర మట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో కూడా వేయించారు. కానీ ఆ పేరుతో దాన్ని ఎవరైనా పిలవగా నేను వినలేదు.

బయటి నుంచి చూస్తే మామూలు పెంకుటిల్లే. మంగళూరు పెంకులు, ముందు వరండా, పక్కన మామిడిచెట్టు. లోపల అడుగుపెడితే మాత్రం ఏది ముందు చూడాలో తెలిసేది కాదు. ఒక గోడ నిండా ఎనామిల్ బోర్డులు. సబ్బులవీ, కిరసనాయిలువీ, "ఇచ్చట ఉమ్మరాదు" అని ఒకటి. ఇంకో గోడకి మర్ఫీ రేడియో, దాని పక్కన మేకుకి వేలాడుతూ దాని లైసెన్సు పుస్తకం. రేడియోకి లైసెన్సేమిటని మా అమ్మాయి ఇప్పటికీ నమ్మదు. ఒకప్పుడు ఏడాదికోసారి పోస్టాఫీసుకెళ్ళి డబ్బు కట్టి ఆ పుస్తకంలో స్టాంపు అంటించుకుని రావాలి. మా తాతయ్యది నేను చూశాను. కప్పు నుంచి ఉట్లు, ఉట్టికో బల్బు. కుంచాలూ మానికలూ బోర్లించి దీపాలకి గొడుగులు చేశారు. మూల భోషాణం, భోషాణం మీద హార్మోనియం, హార్మోనియం మీద నల్ల టెలిఫోను, టెలిఫోను పక్కన ఎవరిదో తెలియని పెళ్ళి ఫోటో.

రవివర్మ లక్ష్మీదేవి పటం ఒకటి ఉండేది, చీరంతా జరీ, తళుకులు అతికించినది. రవివర్మ ప్రెస్సు 1894లో బొంబాయిలో మొదలైందనీ, తర్వాత లోనావలా దగ్గరికి మారిందనీ, పటం కింద సన్నక్షరాలు చూస్తే ఎక్కడ అచ్చయిందో తెలుస్తుందనీ మాస్టారు చేతికి భూతద్దం ఇచ్చి మరీ చూపించేవారు. వెనక ఎవరు ఆకలితో నిలబడ్డా ఆయనకి పట్టేది కాదు.

హాలు మధ్యలో రెండు బర్మా టేకు స్తంభాలు. తమిళనాడు కారైకుడిలో చెట్టియార్ల మేడలు పడగొట్టినప్పుడు వచ్చే కలప, ద్వారబంధాలు, పింగాణీ సామాను అమ్మే పాత సామాన్ల కొట్లు వీధి పొడుగునా ఉంటాయి. అక్కణ్ణుంచి లారీ మీద తెప్పించారు. తీరా నిలబెట్టాక అవి కప్పుకి జానెడు కిందే ఆగిపోయాయి. దేన్నీ మొయ్యకుండా ఊరికే నిలబడి ఉండేవి. "ఇంట్లో పనిచెయ్యని మొగోళ్ళ మాదిరి" అనేది మాస్టారి భార్య. ఆవిడది ప్రొద్దుటూరు వైపు. మేమంతా పెద్దమ్మా అనేవాళ్ళం.

గోడ గడియారాలు ఆరు. ఏ గడియారమూ ఇంకోదాని మాట వినేది కాదు. ఒంటిగంటకి ఒకటి పదకొండు కొడితే, ఇంకోటి దానికి జవాబు చెప్పినట్టు నాలుగు కొట్టేది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది సినిమాహాలు బోర్డు. ఏదో ఊళ్ళో టూరింగ్ టాకీస్ ఎత్తేసినప్పుడు కొన్నారట. నేల, బెంచి, కుర్చీ అని మూడు బాణం గుర్తులు. హోటల్లో కూర్చునే ఏర్పాటు కూడా దాని ప్రకారమే. నేల అంటే చాప మీద పీటలు, ముందు ఎత్తుపీట మీద విస్తరి. బెంచి అంటే పొడుగు బల్లలు, పక్కన ఎవరు కూర్చుంటారో మన చేతుల్లో లేదు. కుర్చీ అంటే నలుగురికి సరిపడే టేబుళ్ళు. రేటు మూడింటికీ ఒకటే. జీతం వచ్చిన రోజు కూడా మేం నేల టికెట్టే తీసుకునేవాళ్ళం.

ఈ మాస్టారు నిజానికి స్టేషన్ మాస్టరు కాదు. దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ల లెక్కలు తనిఖీ చేసే ట్రావెలింగ్ ఇన్‌స్పెక్టరుగా చేసి 1993లో రిటైరయ్యారు. టికెట్ల కట్టలు సరిపోయాయా, గల్లాలో డబ్బు సరిపోయిందా అని చూడటం ఆయన పని. ఆ టికెట్లూ ఆ యంత్రమూ చూసి జనం స్టేషన్ మాస్టరనుకుని మాస్టారూ అని పిలిస్తే ఆయన దిద్దేవారు కాదు. టికెట్ల యంత్రం మాత్రం స్క్రాపు వేలంలో కొన్నదేననీ, రసీదు ఉందనీ అడక్కపోయినా చెప్పేవారు. ఆడిటు చేసిన మనిషి కదా.

ఉద్యోగమంతా క్యాంపులే. రాత్రికి ఏ స్టేషన్లో దిగితే అక్కడ ఎవరో ఒకరి క్వార్టర్లో భోజనం. తిన్నది నచ్చితే ఎలా చేశారో ఆ ఇంటి ఇల్లాలిని అడిగి, లెక్కల పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేవారు. పొద్దున్నే ఆ ఊళ్ళో పాత ఇత్తడి కొట్టెక్కడుందో వాకబు చేసేవారు. "ఈయన చేతిసంచీతో పోయి గోనెసంచీతో వస్తాండె" అని పెద్దమ్మ. పిల్లల పెళ్ళిళ్ళయ్యాక ఇల్లు నిండిపోయి, ఇక సామానుండాలా మనుషులుండాలా అన్న పరిస్థితి వస్తే, అప్పుడు పుట్టిందట హోటలు ఆలోచన. అద్దెకి ఈ ఇల్లు తీసుకుని 1995లో మొదలుపెట్టారు. గోడలు ఆయనవి, వంటిల్లు ఆవిడది.

కాబట్టి ఆ హోటల్లో మెనూ అంటే రైల్వే మ్యాపు. గుమ్మం పక్కన పెద్ద పలక మీద సుద్దతో "ఈరోజు లైను" అని రాసేవారు. సోమవారం సెలవు. మంగళవారం కాజీపేట, బుధవారం గుంతకల్లు, గురువారం నిడదవోలు, శుక్రవారం అనకాపల్లి. శని, ఆదివారాలు "జంక్షన్", అంటే అన్నిట్లోంచీ రెండేసి. ఆదివారం ఒక్కపూటే నాటుకోడి పులుసు, రాగి సంగటి. బిర్యానీ ఉందా అని ఎవరైనా అడిగితే, "సికింద్రాబాదులో బిర్యానీ పెట్టడానికి మనమెవరం బాబూ" అని చేతులు జోడించేవారు.

అనకాపల్లి లైను నాకు అంతగా ఎక్కలేదు. అంత పెద్ద బెల్లం మార్కెట్టున్న ఊరు, నిజమే, కానీ పులుసులో బెల్లం, కూరలో బెల్లం, పచ్చడిలో కూడా బెల్లమంటే గోదావరి నోటికి కొంచెం కష్టం. అటువైపు వాళ్ళు తిట్టుకోకండి, మీ ఉల్లికారం మాత్రం నాకిష్టమే.

కాజీపేట రోజు సర్వపిండి. ఆ వైపు సర్వ అంటే గిన్నె, అందులో చేస్తారు కాబట్టి ఆ పేరు. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం కలిపి ముద్ద చేసి, గిన్నె లోపల అడుగుకీ అంచులకీ చేత్తో పల్చగా అద్ది, వేలితో చిల్లులు పొడిచి, చిల్లుకో చుక్క నూనె వేసి మూత పెట్టాలి. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, పైన మెత్తగా వస్తుంది. చిక్కేమిటంటే ఒకటి దించాక గిన్నె చల్లారితే తప్ప రెండోది అద్దలేం, చెయ్యి కాలుతుంది. అందుకని పెద్దమ్మ ఎనిమిది గిన్నెలు పెట్టుకుని వంతులవారీగా తిప్పేది. ఎనిమిదీ బోర్లించి నీళ్ళు చల్లుతుంటే వచ్చే సుయ్‌మన్న చప్పుడు హాల్లోకి వినబడేది. మా వంతు వచ్చిందని అలా తెలిసేది.

కానీ నేను ఆఫీసు నుంచి పరుగులమీద వెళ్ళింది బుధవారం సాయంత్రాలే. ఉగ్గాని కోసం. మా వైపు మరమరాలంటే ఉప్పూకారం కలిపిన పొట్లం తప్ప ఇంకోటి తెలియదు. గుంతకల్లులో వాటిని బొరుగులంటారు, నీళ్ళలో వేసి పిండి తాలింపు పెడతారంటే మొదట మొహం చిట్లించాను. తిన్నాక నోరు మూసుకున్నాను. ఒకరోజు ఏడున్నరకే జనం తగ్గితే పెద్దమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చింది. గంగాళంలో నీళ్ళు, అందులో బొరుగులు వేసి చేత్తో ఒక్కసారి ముంచి, మెత్తబడీ పడకముందే తీసెయ్యాలి. "ఇంగ ఒక్క క్షణం ఉంటే గంజే" అంది. నేను దోసిలితో తీసి గట్టిగా పిండితే చెయ్యి పట్టుకుని ఆపింది. "గుడ్డలు పిండినట్ల పిండద్దు. పిట్టను పట్టుకున్నట్ల పట్టుకో." బాణలిలో అప్పటికే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపు వేగుతున్నాయి. బొరుగులు వేసి నాలుగు తిప్పులు, దించి పుట్నాలపప్పు పొడి, నిమ్మకాయ. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. ఇప్పటికీ ఇంట్లో చేస్తాను, పొడి దగ్గర తేడా తెలిసిపోతుంది.

2001 వేసవిలో మా అమ్మమ్మ కంటి ఆపరేషన్‌కి వచ్చింది. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది ఇంకో నెలకి అన్నారు. అప్పటికి నాకు పెళ్ళయి, తార్నాకలో ఇల్లు. 84 ఏళ్ళ మనిషి, ఊళ్ళో రోజుకి పదిమందితో మాట్లాడందే పొద్దు గడవదు, ఇక్కడ రెండు గదుల్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంటే ఏం తోస్తుంది? గురువారం, నిడదవోలు లైను, మన వైపు వంటే కదా అని ఆటోలో తీసుకెళ్ళాను. మోకాళ్ళ నొప్పుల వల్ల కుర్చీ టికెట్టు.

గురువారాల్లో వరండాలో పెద్దమ్మే కూర్చునేది. మాస్టారు పొద్దున్నే పురానాపూల్ దగ్గర జుమ్మేరాత్ బజారుకి పోయేవారు. వారానికోసారి రోడ్డు మీద పరిచే పాత సామాన్ల సంత అది, ఆయనకి తిరుపతితో సమానం. పెద్దమ్మకి ఆ టికెట్ల యంత్రం లొంగేది కాదు. ఆ రోజు మా టికెట్టు మీద తేదీ తలకిందులుగా పడింది.

అమ్మమ్మ కూర్చుంది, కళ్ళద్దాలు తీసింది, టేబులు మధ్యలో బంతిపూలు పెట్టిన ఇత్తడి పాత్రని దగ్గరికి లాక్కుంది. వెడల్పు అంచు, సన్నటి మెడ, గుండ్రటి పొట్ట. అంచు చుట్టూ వేలు తిప్పింది. పూలు తీసి పక్కన పెట్టింది. తర్వాత హాలంతా వినపడేలా అంది:

"ఒసే, ఇది తమ్మపడిగే!"

పక్క బెంచి వాళ్ళకి అర్థం కాలేదు. అందులో ఒకాయన మర్యాదగా అడిగారు కూడా, తమ్మపడిగ అంటే ఏమిటండీ అని. "తాంబూలం ఉమ్మే గిన్నె బాబూ" అంది అమ్మమ్మ. ఆయన చెయ్యి తన టేబులు మీద పూల దగ్గర్నుంచి నెమ్మదిగా వెనక్కి వచ్చింది. అక్కడా అలాంటిదే ఉంది మరి.

"మా మామగారి మంచం కింద ఉండేదిది. పొద్దున లేస్తూనే చింతపండు పెట్టి దాన్ని తోమడం నా వంతు. పదమూడేళ్ళ పిల్లని. వాంతొచ్చేది. అలాంటిది అన్నం తినే చోట, పూలు పెట్టి..."

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి విషయం విని, నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు అప్పుడే అనుమానముండె. రాజులకాలం పూలకుండీ అని రెట్టింపు రేటిచ్చినాడు." సరిగ్గా అప్పుడే మాస్టారు గోనెసంచీతో ఆటో దిగారు.

నేను టెన్షన్ పడ్డాను, ఆయన నొచ్చుకుంటారేమోనని. ఆయన సంచీ కింద పెట్టి, అమ్మమ్మ చెప్పిందంతా నిలబడి విని, రెండు టేబుళ్ళ మీంచీ రెండిటినీ తనే తీసి లోపల పెట్టి వచ్చారు. వచ్చి, "పిన్నిగారూ, ఒక్కసారి మిగతావి కూడా చూసిపెడతారా?" అన్నారు.

ఆ తర్వాత గంటన్నర మా భోజనం సంగతి ఎవరికీ గుర్తులేదు. అమ్మమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని ముందు, మాస్టారు చిన్న పుస్తకం, పెన్సిలు పట్టుకుని వెనక. ఇన్నేళ్ళు స్టేషన్లు తనిఖీ చేసిన మనిషికి ఆ రోజు తనిఖీ. కవ్వం తలకిందులుగా కొట్టారు. ఆ చెక్కపెట్టె నగలది కాదు నాయనా, మంగలి పొది. వరండాలో సిగరెట్టు బూడిద రాల్చడానికి పెట్టిన నల్లరాతి గిన్నె దగ్గర ఆగి నెత్తి కొట్టుకుంది. "రాచ్చిప్పలో బూడిదా! ఇందులో పులుసు కాస్తే దించాక కూడా గంటసేపు ఉడుకుతుంది. నా దగ్గర లేకపోయిందే అని ఇరవై ఏళ్ళుగా ఏడుస్తున్నాను." కుంచం చూసి లెక్క అప్పజెప్పింది: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచం. మాస్టారు రాసుకున్నారు. వస్తువు ఎక్కడ కొన్నదీ, ఎంతకి కొన్నదీ, దాని వయసెంతో ఆయనకి కంఠస్థం. దాంతో ఏం చేసేవారో చాలావాటికి తెలియదని ఆ రోజే నాకు అర్థమైంది. ఆయనకీ అప్పుడే అర్థమైందనుకుంటాను.

"ఇవన్నీ అంత పాతవా?" అని అమ్మమ్మ అడిగితే, 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటినవాటినే పురావస్తువులంటారనీ, ఇక్కడ చాలావాటికి అంత వయసు లేదనీ చెప్పారు.

"అయితే నాకింకా పదహారేళ్ళుంది" అంది అమ్మమ్మ.

రవివర్మ పటం కింద గోడకి మేకులు కొట్టి ఒక పెద్ద ఇత్తడి గుండిగ బోర్లా తగిలించి ఉండేది. పాతికమందికి అన్నం వండే గుండిగ. నిడదవోలులో కరిగించడానికి తూకానికి వేస్తుంటే అడ్డం పడి కొన్నానన్నారు. అమ్మమ్మ దాన్ని దింపించింది. మూతి దగ్గర పేరు కొట్టి ఉంది, చుక్కచుక్కగా సుత్తీ ఉలీతో కొట్టే అక్షరాలు. ఒక కన్ను కట్టు మీద, రెండో కన్ను మసక. చదవలేకపోయింది. కళ్ళు మూసుకుని చూపుడువేలు ఆ చుక్కల మీద నెమ్మదిగా నడిపింది. పెదాలు కదిలాయి. మొదట చి.సౌ. అని, తర్వాత ఒక పేరు, తర్వాత ఇంటిపేరులో మొదటక్షరం. "అక్షరానికింత అని పుచ్చుకునేవారు, అందుకే పొదుపు" అంది. ఆ పేరు ఇక్కడ రాయను, ఆవిడ మనవలెవరైనా ఉంటారు. పేరు పక్కన తేదీ. రోజు అరిగిపోయింది, 2-30 అన్నది మాత్రం వేలికి తగిలింది.

"ఇది శారదా చట్టం పెళ్ళి గుండిగ" అంది.

మాకెవరికీ అర్థం కాలేదు. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండందే పెళ్ళి చెయ్యకూడదని 1929లో చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ ఒకటి నుంచి అమలు. ఆ లోపు కానిచ్చేద్దామని మాఘ ఫాల్గుణాల్లో ఊరూరా పెళ్ళిళ్ళే. "మా వీధిలో ఒక్క రాత్రి నాలుగు పెళ్ళిళ్ళు. సన్నాయివాళ్ళు ఒక పందిట్లో బుగ్గలు ఊది ఇంకో పందిట్లోకి పరిగెత్తేవారు. కొట్లో ఇత్తడి లేదు. మా నాన్న మూడూళ్ళు తిరిగి రెండు గుండిగలు తెచ్చాడు. నాదీ ఆ నెలే." గుండిగ చుట్టూ మళ్ళీ చెయ్యి తిప్పింది. "ఈ పిల్లకి ఒకటే పెట్టారో, రెండో."

లోపలికి చెయ్యి పెట్టి గీరి చూసి మళ్ళీ మామూలు మనిషైపోయింది. "కళాయి పోయింది. ఇలా వాడితే పులుపు తగిలి చిలుమెక్కుతుంది. వేయించుకో నాయనా. మేకుకి వేలాడేసేది కాదిది."

తర్వాత ఎప్పటికో అన్నం తిన్నాం. పనసపొట్టు కూర గురించి తీర్పు కూడా అయింది. "కూర పొయ్యి మీదుండగానే ఆవ కలిపేశారు, చేదొచ్చింది. దించి, కాస్త ఆరాక కలపాలి." పెద్దమ్మ ఒప్పుకుంది, ఆ కూర వాళ్ళ వైపుది కాదు మరి. ఇద్దరూ చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నిడదవోలూ ప్రొద్దుటూరూ ఒకళ్ళ మాట ఒకళ్ళకి సగమే అర్థమై ఉంటుంది.

ఇంటికొస్తూ ఆటోలో అడిగాను, "మరి నీ గుండిగలేవీ అమ్మమ్మా?" అని. కాసేపు బయటికి చూసి అంది: "స్టీలు సామాన్లవాడికిచ్చాను. మీ మావయ్య పెళ్ళి ముందు. రెండూ ఇస్తే పది కంచాలు, ఒక క్యారియరు ఇచ్చాడు. తోమలేక. తేలిగ్గా ఉంటాయని అందరూ ఇచ్చేశారే." తార్నాక వచ్చేదాకా ఇంకేం మాట్లాడలేదు.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం మాకు బ్యాంకు సెలవు. కళాయివాడు వస్తున్నాడని మాస్టారు ఫోన్ చేశారు. వెళ్ళేసరికి మామిడిచెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు పోసి, చేతితో తిప్పే తిత్తితో నిప్పు రాజేస్తున్నాడు. గుండిగ లోపల ఇసకతో తోమి, నిప్పు మీద తిప్పుతూ కాల్చి, నవాసారం పొడి చల్లగానే గుప్పుమని తెల్లటి పొగ. అందరం దగ్గాం. ఆ పొగలోనే తగరం కడ్డీని వేడి ఇత్తడికి ఒక్కసారి ఆనించాడు, కడ్డీ కొస కరిగి జారింది. దూది ఉండతో గిరగిరా తిప్పాడు. పసుపుపచ్చటి లోపలంతా నాలుగు తిప్పుల్లో వెండి రంగైంది. పెద్దమ్మ నీళ్ళు పోసి చూసి, "ఇంగ ఇది నాది" అంది.

అప్పట్నుంచి అది వంటింట్లోనే. ఉలవచారు అందులోనే కాచేవారు. రాచ్చిప్పల్లో పులుసు నేరుగా టేబుల్ మీదకి వచ్చేది, పక్కన కూర్చున్నవాళ్ళు చెయ్యి కాల్చుకునేవాళ్ళు. టేబుళ్ళ మీద బంతిపూలు స్టీలు గ్లాసుల్లోకి మారాయి, కొంచెం వెలితిగా ఉండేది నిజం చెప్పాలంటే. రవివర్మ పటం కింద గోడ మీద గుండ్రంగా తెల్లటి మచ్చ, నాలుగు మేకులు. అక్కడ మాస్టారు ఇంకేమీ తగిలించలేదు. ఎవరైనా అడిగితే, "అది డ్యూటీలో ఉంది" అనేవారు.

అమ్మమ్మ 2004లో పోయింది. ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా మాస్టారు ఆ చిన్న పుస్తకం తీసి, గోడ మీద వస్తువొకటి చూపించి, "దీని గురించి పిన్నిగారు ఏమన్నారో చదవమంటారా" అని మొదలుపెట్టేవారు. వెనక టికెట్ల కోసం మనుషులు నిలబడి ఉండేవారు.

హోటలు 2012లో మూసేశారు. ఇంటి ఓనరు పోయాక పిల్లలు అపార్టుమెంటుకి ఇచ్చేశారు. మాస్టారికీ 77 వచ్చాయి, నడుం వంగింది. చివరి వారం వెళ్ళాను. గోడల సామానంతా ఎవరో రిసార్టు కట్టేవాళ్ళు టోకున కొనేశారట, రెండు లారీలు. స్తంభాలు అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. నేల, బెంచి, కుర్చీ బోర్డు అప్పటికే లారీ ఎక్కేసింది, అది నాకిమ్మని ముందే అడగాల్సింది. మిగిలిన అట్టటికెట్లు మాస్టారు వీధి పిల్లలకి పంచిపెడుతున్నారు. వాళ్ళు వాటితో ఏం ఆడుకోవాలో తెలియక చూస్తున్నారు.

వంటింటి గుమ్మం దగ్గర పెద్దమ్మ ముక్కాలిపీట వేసుకుని కాపలా కూర్చుంది. "గోడలవి అమ్ముకోనీ. ఈడిది ఒక్కటీ పోదు." లోపల గుండిగ, రాచ్చిప్పలు, సర్వలు ఎనిమిది, అన్నీ గోనెపట్టల్లో చుట్టి ఉన్నాయి, ప్రొద్దుటూరు పోవడానికి. చెల్లెలి మనవరాలి పెళ్ళి ఉందట, గుండిగ దానికి అందాలట.

వస్తుంటే పిలిచి, పాత పేపర్లో చుట్టిన ఒకటి చేతిలో పెట్టింది. విప్పకుండానే తెలిసింది, మెడ దగ్గర సన్నగా తగిలింది. రిసార్టు వాళ్ళు రెండిట్లో ఒకటి తీసుకున్నారట, పూలకుండీ అని. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పర్సు తీశాను.

"ఉమ్మే గిన్నెకు దుడ్లేంది, పో" అంది పెద్దమ్మ.